బ్యాంకాక్‌లో పిల్లాడి తల నిమరకు పిన్నీ!

[దృశ్యం: విజయవాడ, బీసెంట్ రోడ్డు, సాయంత్రం రద్దీ]

నమస్తే అండీ. మా పిన్ని వచ్చే నెల బ్యాంకాక్ వెళ్తోంది. సూట్‌కేసు కొందామని వచ్చాం. "ఏముందిరా, అక్కడా గుళ్లే, అక్కడా నమస్కారాలే" అంటోంది. నిజమే. చిక్కు కూడా అక్కడే ఉంది.

[పిన్ని చేతులు జోడిస్తుంది]

థాయ్‌లాండ్‌లో నమస్కారాన్ని 'వై' అంటారు. చిన్నవాళ్లు ముందు పెడతారు, పెద్దవాళ్లు బదులిస్తారు. బొటనవేళ్లు తోటివాళ్లకైతే గడ్డం దగ్గర, పెద్దలకైతే ముక్కు దగ్గర, బౌద్ధ భిక్షువులకైతే కనుబొమల మధ్య ఆగాలి. హోటల్ కుర్రాడు వై పెడితే నవ్వి తలూపితే చాలు.

అసలు భయం నాకు వేరే ఉంది. ముద్దొచ్చే పిల్లాడు కనబడితే చాలు, మా పిన్ని తల నిమిరి "చల్లగా ఉండు నాయనా" అంటుంది. అక్కడ ఒంట్లో తలే అన్నిటికంటే పవిత్రం. పరాయివాళ్లు ముట్టుకోకూడదు.

పిన్ని: దీవించినా తప్పేనా?

నోటితో దీవించు పిన్నీ!

తల ఎంత పవిత్రమో, పాదం అంత తక్కువ. కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకి ఇది కొత్త కాదు. కానీ వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూసొచ్చి, పక్క మందిరంలో కూర్చుని, మోకాళ్ల నొప్పులని కాళ్లు చాపేస్తే? అరికాళ్లు బుద్ధుడి వైపు తిరగకూడదు. కాళ్లు వెనక్కి మడిచి, ఒక పక్కకి పెట్టుకుని కూర్చుంటారు.

చెప్పులు బయటే, దుర్గ గుడిలోలాగా. రాజుగారి కోట గ్రాండ్ ప్యాలెస్‌కి షార్ట్‌లు, చేతుల్లేని జాకెట్లు వద్దు. ఆడవాళ్లు భిక్షువులను తాకరు, చేతికి ఏదీ ఇవ్వరు. ఆయన పరిచిన గుడ్డ మీద పెడితే తీసుకుంటారు.

కింద పడ్డ నోటు ఎగిరిపోతుంటే కాలితో ఆపకండి. దాని మీద రాజుగారి బొమ్మ ఉంటుంది. రాజుగారి మీద జోకులు సరదాకైనా వద్దు. రాజును, రాణిని, యువరాజును అవమానిస్తే అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు.

బజార్లో బేరం ఆడొచ్చు, నవ్వుతూ. గొంతు లేపితే మర్యాద పోయేది మనదే.

[సూట్‌కేసుల షాపు]

పిన్ని: పన్నెండొందలకి ఇస్తావా, ఇవ్వవా?

[షాపతను తల అడ్డంగా ఊపుతాడు. పిన్ని నా వైపు చూసి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంది]

పిన్ని: పన్నెండొందలు, బాబూ...