డబ్బాని కాదు, కేబుల్‌ని అనుమానించండి

అందరికీ నమస్తే, వెనకాల కూర్చున్నోళ్ళకి వినబడుతోందా? సరే.

పాత టూజీ ఫోన్ స్పీకర్ పక్కన పెడితే రింగ్ రాకముందే బర్ర్‌ర్‌మని మోగేది గుర్తుందా, ఫోన్ సెకనుకి సుమారు 217 సార్లు ట్రాన్స్‌మిటర్ ఆన్ ఆఫ్ చేసేది, దాన్నే ఆంప్లిఫైయర్ పట్టేసుకునేది. స్పీకర్ కాబట్టి నవ్వుకున్నాం, అదే ఐసీయూలో మందు ఎక్కించే పంపయితే? ఈఎంసీ, అంటే ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీ, టెస్టింగ్ పెట్టింది ఇందుకే: మన పరికరం పక్కదాన్ని పాడు చెయ్యకూడదు, పక్కదాని గోలకి మనది ఆగిపోకూడదు.

అయితే ఈ రెండిటికీ లెక్కలు వేరు. సిస్పర్ 32 అనే అంతర్జాతీయ ప్రమాణం క్లాస్ బీలో, అంటే ఇళ్ళల్లో వాడే వాటికి, 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ దాకా 10 మీటర్ల దూరంలో బయటికి వదిలేదానికి లిమిట్ మీటరుకి 32 మైక్రోవోల్టుల దగ్గర ఉంటుంది. బయట్నించి వచ్చేది తట్టుకోవాల్సింది మాత్రం మామూలుగా మీటరుకి 3 వోల్టులు! దాదాపు లక్ష రెట్లు తేడా. అన్యాయం అనిపిస్తుంది కానీ కాదు, రేడియో రిసీవర్ బతికేదే మైక్రోవోల్టుల మీద, అదే మన బోర్డు పక్కన ఎవరో వాకీటాకీ నొక్కారంటే వోల్టుల్లోనే పడుతుంది.

టెస్ట్ చేసే ఛాంబర్‌లో, అంటే బయటి రేడియో తరంగాలు రాని గదిలో, మన పరికరం పెట్టిన టర్న్‌టేబుల్ తిరుగుతుంది, యాంటెన్నా 1 నుంచి 4 మీటర్ల దాకా పైకీ కిందకీ వెళ్తుంది, నేల మీంచి వచ్చే రిఫ్లెక్షన్ ఎక్కడ కలిసి పెరుగుతుందో వెతకాలి కదా. అదంతా ల్యాబ్ వాళ్ళు చూసుకుంటారు, బిల్లు గంటల లెక్కన మనకొస్తుంది.

ఫెయిలయితే మనోళ్ళు ముందు డబ్బాకి రాగి టేపు చుడతారు. నన్నడిగితే ముందు కేబుల్స్ చూడాలి. మీటర్ పొడవు కేబుల్ 75 మెగాహెర్ట్జ్ దగ్గర క్వార్టర్ వేవ్ యాంటెన్నా, అంటే తరంగం పొడవులో సరిగ్గా నాలుగో వంతు. 50 మెగాహెర్ట్జ్ దగ్గర దాంట్లో 5 మైక్రోఆంపుల కామన్ మోడ్ కరెంట్, అంటే వైర్లన్నిట్లో ఒకే దిక్కుకి పోయే కరెంట్, పారితే చాలు, లిమిట్ అంచుకి వచ్చేసినట్టే. షీల్డ్ ఉన్న కేబుల్ వేశాం కదా అంటారు, ఆ షీల్డ్‌ని చివర్లో పిలకలా మెలేసి ఒక సన్న వైరుతో గ్రౌండ్‌కి కలిపితే హై ఫ్రీక్వెన్సీలో ఆ పిలకే అడ్డం, షీల్డ్ కనెక్టర్ చుట్టూ పూర్తిగా తాకాలి.

ఇదిగో, ఈ కరెంట్ ప్రోబ్ యూఎస్‌బీ కేబుల్‌కి తగిలించా. స్క్రీన్ మీద ఆ పీక్ చూడండి, ఇప్పుడు ఈ కరెంట్‌ని అడ్డుకునే ఫెరైట్ క్లిప్ బోర్డుకి దగ్గరగా పెడుతున్నా... తగ్గింది కదా? కేబుల్ అవతలి కొసకి జరుపుతా, మళ్ళీ చూడండి.