ఐచ్ఛిక భాగం విఫలమైతే బిల్డ్ ఆగాలా?

సభలోని పెద్దలకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన విద్యార్థులకు, పని ముగించుకుని రుషికొండ ఐటీ హిల్ దిగి వచ్చిన ఇంజినీర్లకు నమస్కారం.

తప్పనిసరి కాని భాగం ఒకటి విఫలమైతే మొత్తం బిల్డ్‌ను, అంటే సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను తయారుచేసే పనిని, ఆపాలా అని అడిగితే, "ఐచ్ఛికమే కదా, వదిలేయండి" అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. వేర్వేరుగా చూడవలసిన పరిస్థితులను ఆ జవాబు ఒకే గాటన కడుతుందన్నదే నా అభ్యంతరం.

ఉబుంటు లైనక్స్ మీద పైతాన్ భాషను సోర్సు నుంచి కంపైల్ చేసినవారికి ఈ తేడా తెర మీదే కనిపించి ఉంటుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేని యంత్రంలో, బిల్డ్‌ను నడిపే మేక్ ఆదేశం ఇస్తే, అవసరమైన సామగ్రి దొరకని ఐచ్ఛిక మాడ్యూళ్ల జాబితా ఒకటి చివర్లో వస్తుంది. సామగ్రి ఉండి కూడా కంపైల్ కాని మాడ్యూళ్లకు వేరే జాబితా, కంపైల్ అయినా ఇంపోర్ట్ కాక తొలగింపునకు గురైనవాటికి మరో జాబితా ఉంటాయి. ఇంత వివరంగా చెప్పినా మేక్ మామూలుగా విజయసంకేతంతోనే ముగుస్తుంది. ఆ వెంటనే ఇన్‌స్టాల్ ఆదేశం ఇస్తే ఆ జాబితాలు పైకి జరిగిపోతాయి, ఎస్‌క్యూలైట్‌తో నడిచే జాంగో (పైతాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టు తెరిచినప్పుడు గానీ లోటు బయటపడదు. లేనిది సురక్షిత నెట్ కనెక్షన్లకు వాడే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ అయితే, పైతాన్ ప్యాకేజీలను తెచ్చే పిప్ ఒక్క ప్యాకేజీని కూడా నెట్ నుంచి తేలేదు.

పైతాన్ బిల్డ్‌లో కఠినతను పెంచే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటుంది. దాన్ని పెడితే రెండవ, మూడవ జాబితాల్లో ఏ మాడ్యూల్ చేరినా బిల్డ్ విఫలమవుతుంది, మొదటి జాబితాను మాత్రం అది పట్టించుకోదు. ఈ విభజన సరైనదని నా అభిప్రాయం. లేకపోవడం పరిస్థితి, ఉండి విరగడం లోపం.

అయితే లేకపోవడాన్ని కూడా ఎల్లవేళలా క్షమించలేం, ఎందుకంటే వాడుకరి ఏమి కోరాడన్నది ముఖ్యం. మీసాన్ అనే బిల్డ్ పరికరంలో ఫీచర్ ఆప్షన్‌కు ఎనేబుల్డ్, డిజేబుల్డ్, ఆటో అని మూడు విలువలున్నాయి: ఎనేబుల్డ్ అని కోరినది దొరకకపోతే బిల్డ్ ఆగుతుంది, ఆటో అయితే ఆ భాగం లేకుండానే సాగుతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఆటో హాయిగానే ఉంటుంది గానీ, విడుదల చేసే బిల్డ్‌లో ప్రమాదకరం. ఒకే సోర్సు రెండు యంత్రాల్లో రెండు రకాల ఫలితాలనిస్తుంది, ఏది ఎందుకు చేరిందో చెప్పేవారుండరు. ప్యాకేజీలను సోర్సు నుంచే కట్టుకునే జెంటూ లైనక్స్‌వారు ఇలాంటివాటిని ఆటోమ్యాజిక్ డిపెండెన్సీలని వెక్కిరించడం ఊరికే కాదు. మీసాన్‌లో ఆటోలన్నిటినీ ఒక్క ఆప్షన్‌తో ఎనేబుల్డ్‌గానో డిజేబుల్డ్‌గానో మార్చవచ్చు. మరో బిల్డ్ పరికరమైన సీమేక్‌లోనూ, ప్రాజెక్టు ఐచ్ఛికంగా వెతికే ప్యాకేజీని బయటి నుంచి తప్పనిసరి చేసే వేరియబుల్ 2021లో వచ్చిన 3.22 నుంచి ఉంది.

వదిలేయడమే సరైన సందర్భాలూ లేకపోలేదు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎంలో, ఫైళ్ల మార్పులను గమనించే ఎఫ్ఎస్‌ఈవెంట్స్ మ్యాక్‌ఓఎస్‌కే పనికొచ్చే ప్యాకేజీ కనుక, లైనక్స్‌లో అది చేరకపోతే విచారించవలసిన పని లేదు.

విడుదలకు ముందు మాత్రం టెస్టుల నివేదికను ఒకసారి విప్పి చూడండి. భాగం లేనప్పుడు దాని టెస్టులు స్కిప్ అవుతాయి, స్కిప్ అయినా ఫలితం పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి విడుదలలో ఉండి తీరవలసిన ఫీచర్ల జాబితాను ఒక ఫైలులో రాసిపెట్టి, వాటిలో ఏ ఒక్కదాని టెస్టు స్కిప్ అయినా సీఐ (కోడ్ మార్పులను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థ) విఫలమయ్యేలా అమర్చండి.