‘పర్పస్’ నాటకం రివ్యూ: సభ నవ్విన చోట, సభ నోరు మూసుకున్న చోట

నమస్కారం. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో 2025 మార్చిలో మొదలైన ‘పర్పస్’ నాటకం గురించి ఈ వీడియోలో మాట్లాడబోతున్నాను. ముందుగా చెప్పవలసిన విషయం ఒకటుంది. నేను చూసిన ప్రదర్శనకు టికెట్‌ను ఒక టికెట్ల యాప్ వారు ఉచితంగా ఇచ్చారు. వీడియో చేయమని అడిగారు గాని, అందులో ఏం చెప్పాలో వారు చెప్పలేదు. నేను చెప్పేది వారికి ముందుగా వినిపించనూ లేదు.

బ్రాండన్ జేకబ్స్-జెన్కిన్స్ రాసిన ఈ నాటకం 2024లో షికాగోలోని స్టెప్పెన్‌వుల్ఫ్ నాటక సంస్థలో మొదట ప్రదర్శితమైందనీ, న్యూయార్క్‌లోని హేస్ థియేటర్‌కు వచ్చాక 2025లో డ్రామా విభాగంలో పులిట్జర్ బహుమతినీ, ఉత్తమ నాటకంగా బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డునూ గెలుచుకుందనీ, దర్శకత్వం ఫిలీషియా రషాద్‌దనీ మీరు ఇప్పటికే చదివి ఉంటారు. అందుకే ఆ వివరాల మీద ఎక్కువసేపు నిలవను. నేను మాట్లాడదలచుకున్నది ప్రేక్షకుల గురించి. ఆ సాయంత్రం వేదికను ఎంత శ్రద్ధగా చూశానో, నా చుట్టూ కూర్చున్నవారిని కూడా అంతే శ్రద్ధగా చూశాను. ఈ నాటకం బలం ఎక్కడుందో నాకు అక్కడే తెలిసింది.

కథ రెండు మాటల్లో చెబుతాను. సాలమన్ జాస్పర్ పౌరహక్కుల ఉద్యమంలో పేరు పొందిన పాస్టర్. ఆయన పెద్ద కొడుకు జూనియర్ రాజకీయాల్లోకి వెళ్లి, ఎన్నికల ప్రచార నిధులు సొంతానికి వాడుకున్న నేరానికి జైలుశిక్ష అనుభవించి, అప్పుడే బయటికి వచ్చాడు. పన్ను పత్రాల విషయంలో దోషిగా తేలిన అతని భార్య మోర్గన్ ఇప్పుడు తన శిక్ష మొదలుపెట్టబోతోంది. చిన్న కొడుకు నజరెత్, అంటే నాజ్, మతవిద్యను మధ్యలో వదిలేసి ఫొటోగ్రాఫర్ అయ్యాడు. తల్లి క్లాడీన్ అందరినీ ఒక చోటికి చేర్చింది. నాజ్ స్నేహితురాలు అజీజా అనుకోకుండా ఆ ఇంటికి వస్తుంది, మంచు తుపాను వల్ల అక్కడే చిక్కుకుపోతుంది.

ఇంత వినగానే అమెరికా రాజకీయాలు తెలిసినవారికి పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ కుటుంబం గుర్తుకు వస్తుంది. ఆయన కొడుకు, ఇల్లినాయ్ కాంగ్రెస్ సభ్యుడిగా పనిచేసిన జెస్సీ జాక్సన్ జూనియర్‌కు ప్రచార నిధుల దుర్వినియోగం కేసులో 2013లో 30 నెలల శిక్ష పడింది. పన్ను కేసులో ఆయన భార్యకు 12 నెలల శిక్ష పడింది. పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలని ఆ శిక్షలను ఒకరి తరువాత ఒకరు అనుభవించారు. నాటకం ఆ కుటుంబం పేరు పెట్టుకోలేదు, పాత్రలు వేరు. అయినా నా వెనుక వరుసలో మొదటి పది నిమిషాలు ఈ పోలిక గురించే గుసగుసలు నడిచాయి. నాకు చిరాకు కలిగింది. ఎవరు ఎవరన్నది లెక్క తేల్చుకునే పనిలో పడితే ఎదురుగా ఉన్న మనిషి మాట చెవికి ఎక్కదు. కాని ఆ గుసగుసలను కూడా నాటకం లెక్కలో వేసుకుందని విరామానికి ముందే అర్థమైంది.

ఎలాగంటే, నాజ్ మనతోనే మాట్లాడతాడు. తన ఇంటివాళ్లను పక్కన నిలబెట్టి, వాళ్ల సంగతులన్నీ ప్రేక్షకుల వైపు తిరిగి చెబుతాడు. జాన్ మైకేల్ హిల్ ఈ పాత్రను ఎంత చనువుగా చేశాడంటే, ముందు వరుసల్లో కొందరు అతని ప్రశ్నలకు పైకే జవాబు చెప్పారు. హేస్ బ్రాడ్‌వేలోకెల్లా చిన్న థియేటర్, సుమారు 600 సీట్లు మాత్రమే. అలాంటి చోట ఒకరి నిట్టూర్పు కూడా అందరికీ వినిపిస్తుంది. చర్చిలో ప్రసంగానికి సభ బదులు పలికినట్టుగా ‘ఊఁ’ అనే మూలుగు ఒక వైపు నుంచి, ‘చెప్పు, చెప్పు’ అనే ప్రోత్సాహం మరో వైపు నుంచి వస్తూ ఉంటే, పాస్టర్ ఇంటి కథకు ఇంతకంటె తగిన ప్రేక్షకులు ఉండరనిపించింది.

మన పద్యనాటకం చూస్తూ పెరిగినవారికి సభ ఇలా నోరు విప్పడం కొత్త కాదు. రాయబారం సీనులో పద్యం బాగా పడితే ‘వన్స్ మోర్’ అని అరిచి, నటుడి చేత మళ్లీ పాడించుకునే అలవాటు మనది. అక్కడా కథ రాజ్యం కోసం ఒక ఇంటివాళ్లు కొట్టుకోవడమే. అయితే మన సభ మెచ్చుకునేది పద్యాన్ని, గొంతును. కౌరవుల ఇంటి గుట్టు మనకు ముందే తెలుసు కనుక, దానిని విన్నందుకు మనం ఇరుకున పడము. ‘పర్పస్’ సభను ఇరుకున పెడుతుంది.

అది జరిగేది మొదటి అంకం చివర, భోజనాల సీనులో. ఆ సీను మొదట్లో సభ అంతా పగలబడి నవ్వుతుంది. క్లాడీన్‌గా లటాన్యా రిచర్డ్‌సన్ జాక్సన్ మర్యాద తప్పకుండానే ఎదుటివారి నోరు మూయించే తీరు చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఆ ఇంటి పేరు వింటూ పెరిగిన అజీజా సాలమన్ అంతటి పెద్దమనిషిని కళ్లెదుట చూసి తడబడుతుంటే, కేరా యంగ్ నటనకు ఇంకా నవ్వాము. ఈ పాత్రకే ఆమెకు టోనీ వచ్చింది, అది న్యాయమే. అంతవరకు ముభావంగా ఉన్న మోర్గన్ అప్పుడు నోరు తెరుస్తుంది. ఆ కుటుంబం పరువు కోసం తను చెల్లించిన మూల్యం ఏమిటో దాచుకోకుండా చెప్పడం మొదలుపెడుతుంది. మొదటి మాటలకు కూడా సభ నవ్వింది, ఎందుకంటే అప్పటికి నవ్వడానికి అలవాటు పడి ఉంది. రెండు మూడు వాక్యాల తరువాత నవ్వు తగ్గింది. ఆ తరువాత నా కుడి వైపున ఒక పెద్దావిడ ఒక్కరే నవ్వి, తను ఒక్కతే నవ్వుతున్నానని తెలిసి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. పెద్ద ఇంటి పతనాన్ని తమాషాగా చూడడానికి వచ్చినవారి చేత, ఆ తమాషాకు బలైన మనిషి మాటను వినిపించడం కోసమే అంతసేపు నవ్వించారని నాకు అప్పుడు బోధపడింది. ముందు వినిపించిన గుసగుసల మీద కోపం కూడా అక్కడితో పోయింది, ఎందుకంటే నేను కూడా ఆ గుసగుసలు చెప్పుకున్నవారితో సమానంగా నవ్వాను.

మోర్గన్ పాత్ర చేసిన అలానా అరీనాస్ గురించి గట్టిగానే చెప్పాలి. ఆరుగురు నటీనటులున్న ఈ నాటకంలో ఐదుగురికి టోనీ నామినేషన్లు వచ్చాయి, ఆమెకు రాలేదు. సభ గుండె లాగి పట్టుకున్న నటిని వదిలేసి మిగిలిన అందరినీ ఎంపిక చేయడం నాకు ఏ విధంగానూ మింగుడు పడలేదు. ఆ నామినేషన్లు వచ్చినవారు అనర్హులని నేను అనడం లేదు. సాలమన్‌గా హ్యారీ లెనిక్స్, జూనియర్‌గా గ్లెన్ డేవిస్ చాలా బాగా చేశారు. కాని వారి మాటలకు సభ స్పందించింది. ఆమె మాటలకు సభ మారింది.

ఇదే స్టెప్పెన్‌వుల్ఫ్ నుంచి వచ్చి 2008లో పులిట్జర్, టోనీ రెండూ పొందిన ‘ఆగస్ట్: ఓసేజ్ కౌంటీ’లో కూడా భోజనాల బల్ల దగ్గర పెద్ద రభస ఉంది. అది గొప్ప సీను. అయితే అక్కడ ఎవరూ మన వైపు తిరిగి మాట్లాడరు కనుక, పక్కింటి గొడవను కిటికీలోంచి చూసినట్టు చూసి ఇంటికి వెళ్లవచ్చు. నాజ్ ఆ వెసులుబాటు ఇవ్వడు.

రెండో అంకం దగ్గర నాకు అసంతృప్తి ఉంది. నాజ్ మనకు చెప్పే మాటలు అక్కడ పొడవు పెరిగాయి. పాత్రలు ఆడి చూపించగలిగిన దానిని అతను ముందే వివరించేస్తాడు. నాటకం మొత్తం దాదాపు మూడు గంటలు. సీట్లలో కదలికలు, దగ్గులు, చేతి గడియారం వైపు చూపులు ఆ భాగంలోనే కనిపించాయి. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోట సభ మళ్లీ కుదురుకుంది. రచయిత కత్తెర కొంచెం వాడి ఉంటే ఆ సీనుకు మనం ఇంకా తాజాగా చేరేవాళ్లం.

అయినా నా తీర్పు మారదు. ఈ మధ్య కాలంలో నేను చూసిన నాటకాలలో ప్రేక్షకుల మీద ఇంతగా పని చేసినది ఇంకొకటి లేదు. నాకు టికెట్ ఉచితంగా వచ్చింది నిజమే, కాని డబ్బు పెట్టి మళ్లీ చూడమన్నా సంతోషంగా చూస్తాను. ఎక్కడైనా ఈ నాటకం మళ్లీ వేస్తే వెళ్లండి. వీలైతే ఖాళీగా ఉండే మధ్యాహ్నం ఆటకు కాకుండా, సభ నిండే సాయంత్రం ఆటకు వెళ్లండి. సభ పలచగా ఉంటే ఈ నాటకంలో సగం దొరకదు.