ఎవరింట్లోనైనా లంకాదహనం ఉందా?

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న కళాకారులకు, ఏసీ ఉంది కదా అని వచ్చి కూర్చున్న మిత్రులకు కూడా నమస్కారం. ఈ డిజిటల్ కళా ప్రదర్శన ప్రారంభానికి పిలిచి, మాట్లాడమని నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై నాలుగేళ్లు హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. నా పీరియడ్ ఎప్పుడూ లెక్కల సారో సైన్సు సారో లాక్కునేవాళ్లు. కాబట్టి టైం దొరికితే వదలను, ముందే చెబుతున్నా.

ఇందాక జ్యోతి ప్రజ్వలన చేశాం. గమనించారో లేదో, స్విచ్ నొక్కాం. నూనె దీపమైతే పొగకు పైన అలారం మోగుతుందట, ప్రొజెక్టర్ల అద్దాలకు మసి పడుతుందట. అందుకని బ్యాటరీ దీపం. నాకేం కోపం లేదు. కానీ దీపం సంగతి మళ్లీ వస్తుంది.

నిన్న సాయంత్రం ఒకసారి చూసిపోదామని ఇటు వచ్చాను. పిల్లలు నేల మీద కూర్చుని వైర్లకు టేపు అంటిస్తున్నారు. చివరి గదిలో గోడ నిండా నీలం, మూలన తెల్లటి అక్షరాల్లో ‘నో సిగ్నల్’ అని ఉంది. ఈ కాలపు మనిషి గురించి ఏదో చెబుతున్నాడు, బాగుంది అనుకుని చేతులు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాను. ఒకమ్మాయి వచ్చి, ‘సార్, కేబుల్ ఊడింది, కొంచెం జరుగుతారా’ అంది.

కేబుల్ పెట్టాక అసలు పని చూశాను. మనం ఎదురుగా నిలబడితే మన నీడ గోడ మీద పడుతుంది. ఆ నీడలోకి కలంకారీ గీతలు పాకుతాయి. చెయ్యెత్తితే తీగ చెయ్యి వెంట వస్తుంది. కదలకుండా ఉంటే ఆకులు వేస్తుంది. గీత ఎక్కడిదమ్మా అని అడిగాను. శ్రీకాళహస్తిలో మేనత్త వేసిన గుడ్డలు స్కాన్ చేశానంది. దగ్గరికెళ్లి చూస్తే గీత ఒకచోట లావుగా మొదలై సన్నబడుతోంది, మళ్లీ లావవుతోంది. వెదురుపుల్లకు ఉన్ని చుట్టిన కలం అది. రంగు అయిపోతే మళ్లీ కసిమిలో, అంటే కలంకారీ నల్లరంగులో, ముంచాలి. ముంచిన చోటల్లా మేనత్త చెయ్యి కనబడుతోంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన నలుపు, లైటు రూపంలో గోడ మీద పాకుతోంది! నాకు ఒళ్లు జలదరించింది.

మన ఊళ్లో కొందరు అడుగుతారు, ఇదీ బొమ్మేనా, మీట నొక్కితే వచ్చేదానికి కళ అని పేరా అని. అయ్యా, 1963లో జర్మనీలోని వుప్పర్‌టాల్లో నామ్ జూన్ పైక్ అనే కొరియా ఆయన పాత టీవీలను తెచ్చి, వాటిలో బొమ్మను వంకర్లు తిప్పి ఎగ్జిబిషన్ పెట్టాడు. మన దేశపు చిత్రకారిణి నళినీ మలానీ పారదర్శకమైన గుండ్రటి డొల్లల లోపలి వైపు బొమ్మలు వేసి, వాటిని తిప్పుతూ దీపం వేస్తే నీడలు గోడలంతా తిరుగుతాయి. అంటే ఏమిటి? తోలుబొమ్మలాటే కదా! ప్రొజెక్షన్, సౌండు, కథ, ప్రేక్షకులు అన్నీ ఉన్నాయి. మల్టీమీడియా అని మనం ఇంగ్లీషులో పేరు పెట్టుకోకముందే మేకతోలుకు రెండువైపులా రంగులు వేసి మనవాళ్లు ఆడించారు.

తోలుబొమ్మలంటే ఒక సంగతి చెప్పాలి. నిర్వాహకులు వాచీ చూసుకుంటున్నారు. చూసుకోనివ్వండి.

1996 శివరాత్రికి పలమనేరు వైపు ఒక పల్లెలో ఆట జరిగింది. ఆడించే పెద్దాయన నాకు బాగా తెలుసు. ఆయన తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పట్టుకోరని అప్పటికే అర్థమైంది. రికార్డు చేద్దామని పెళ్లిళ్ల వీడియో తీసే కుర్రాణ్ణి జీతం డబ్బుతో మాట్లాడుకుని తీసుకెళ్లాను. తెర కట్టారు, బొమ్మల్ని ఈతముళ్లతో తెరకు గుచ్చారు, వెనక దీపం పెట్టారు. మావాడు కెమెరా భుజానికెత్తుకుని, పెళ్లికూతురి మొహం మీద వేసే పెద్ద లైటు టపీమని తెర మీద వేశాడు. అంతే, బొమ్మలన్నీ మాయం! తెల్లటి పంచె ఒక్కటే మిగిలింది. పెద్దాయన తెర వెనక నుంచి గజ్జెలతో సహా బయటికొచ్చి, ‘సామీ, ఆ ఎండ ఆపు. బొమ్మకు ఎలుతురు ఎనకనుంచే రావాల’ అన్నాడు. ఇన్నేళ్లు డ్రాయింగ్ చెప్పానా, వెలుగు గురించి అంత చిన్న మాటలో ఎవరూ చెప్పగా వినలేదు. లైటు ఆపేశాడు. తర్వాత రెండు గంటలు, ఆ గుడ్డి వెలుతురులోనే, కేతిగాడు, బంగారక్క, మనిషంత హనుమంతుడు, లంకాదహనం అన్నీ క్యాసెట్‌లోకి ఎక్కాయి. పెద్దాయన చెక్కపలక మీద కాలితో తొక్కుతుంటే ఆ చప్పుడు కూడా.

ఆ క్యాసెట్‌ను పన్నెండేళ్లు బీరువాలో, పట్టుచీరల పక్కన పెట్టాను. 2008లో ఇక క్యాసెట్ల కాలం అయిపోయిందని ఒక షాపులో సీడీ చెయ్యమని ఇచ్చాను. షాపు పేరు అడగొద్దు. వారం తర్వాత కవరు తెచ్చుకున్నాను. నెల రోజులకు తీరిక దొరికి సీడీ వేస్తే నాదస్వరం మొదలైంది. లంకలో నాదస్వరమేమిటని చూస్తే పెళ్లి! క్యాసెట్ వేశాను, అదీ పెళ్లే. పరుగెత్తుకుని వెళ్తే షాపు మూసేశారు. అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఇప్పుడు మీకు చెప్పాల్సిన మాట, ముఖ్యంగా ఈ కళాకారులకు. తిరుమల కొండ మీద అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద ఎందుకు చెక్కారు? తాటాకు పోతుందని. కొడుకు, మనవడు పూనుకుని చెక్కించారు. ముప్పై రెండు వేలు రాశాడంటారు, దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగు చూస్తే మాట ఉంది, రాగం పేరు ఉంది, వరస లేదు. ఫైలు ఉంది, ప్లేయర్ లేదు. ఇప్పుడు మనం పాడుకునే వరసల్లో చాలాభాగం మన కాలపువాళ్లు కట్టినవి.

అదే పైక్ 1988లో కొరియాలో 1,003 టీవీలతో ఒక గోపురం కట్టాడు. పాత పిక్చర్ ట్యూబులు చెడిపోతూ వచ్చి 2018లో ఆపేశారు. ఏం చెయ్యాలి? కొత్త టీవీలు పెడితే అది ఆయన పనేనా? 2022లో మళ్లీ వెలిగింది. 737 పాత సెట్లు బాగుచేశారు, పైన ఉన్న 266 మాత్రం కొత్త తెరలతో మార్చారు. అక్కడ ప్రభుత్వ మ్యూజియం ఉంది, చేసింది. మన పిల్లల పని ఈ హాల్లో మూడు రోజులు. నాలుగో రోజు ఇక్కడ రిసెప్షన్ ఉందట, బుకింగ్ అయిపోయిందట.

నిన్న ఆ అమ్మాయిని అడిగాను, ఈ ల్యాప్‌టాప్ పోతే? ‘క్లౌడ్‌లో ఉంది సార్’ అంది. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? ‘నాకే సార్.’ మేనత్త కసిమి ఎలా కలుపుతుందో వాళ్లింట్లో అందరికీ తెలుసు, ఈ అమ్మాయి పాస్‌వర్డ్ మాత్రం ఇంకెవరికీ తెలియదు. అమ్మా, కోప్పడటం లేదు. ఒక్క కాగితం రాయి. తెలుగులో రాయి. ఏ మిషన్, ఏ ప్రోగ్రాం, గోడ ఎన్ని అడుగులు, వెలుగు ఎటునుంచి రావాలి, ఏది మార్చినా పర్లేదు, ఏది మార్చితే నీ పని కాదు. రాసి మేనత్త ట్రంకుపెట్టెలో పెట్టు. మీరందరూ రాయండి. రేపు ఉదయం కాదు, ఈ రాత్రే.

ఐదారేళ్ల కింద పెద్దాయన మనవడు మా ఇంటికి వచ్చాడు. బెంగుళూరులో కారు నడుపుతాడు. ‘అయివోరూ, మా తాత గొంతు మీ దగ్గర ఉందంట కదా’ అన్నాడు. బొమ్మలు ఎప్పుడో అమ్మేశారు. తాత గొంతు ఒక్కటి వింటే చాలన్నాడు. కాఫీ ఇచ్చి, జరిగింది చెప్పాను. ‘పర్లేదు సార్’ అని తాగి వెళ్లిపోయాడు.

సంచిలో ఆ పెళ్లి క్యాసెట్ తెచ్చాను. ఇదిగో. పెళ్లికూతురుది ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు. పెళ్లికొడుకుది సోడాబుడ్డి కళ్లద్దాలు. వెనక గోపురం చూస్తే తిరుచానూరులో జరిగినట్టుంది. వాళ్లకు ఇప్పుడు పెళ్లీడు పిల్లలు ఉంటారు. వాళ్లింట్లో అటక మీద నా క్యాసెట్ ఉండాలి. మీరెవరైనా చుట్టాలింట్లో పాత పెళ్లి క్యాసెట్ వేసినప్పుడు, తాళి కట్టే చోట హనుమంతుడు తోకకు నిప్పంటించుకుని వస్తే, దయచేసి ఆపకండి, నాకు కబురు పెట్టండి. దీన్ని టీ బల్ల మీద పెట్టి వెళ్తాను. చీర ఎవరైనా గుర్తుపడతారేమో చూడండి.