హిట్లర్‌కు మెజారిటీ ఎప్పుడొచ్చింది?

[టేబుల్ మీద ఇసుక ట్రే. మధ్యలో జానెడు మట్టి కట్ట, ఒకవైపు నీళ్లు. పక్కన చెంచా.]

ప్రజాస్వామ్యం ఎన్నాళ్లు నిలుస్తుందన్న చర్చ ఎక్కడ మొదలైనా, పది నిమిషాల్లో ఎవరో ఒకరు అంటారు: "హిట్లర్‌ని కూడా జనమే మెజారిటీతో గెలిపించారండీ!" పెళ్లి భోజనాల బంతిలో కూడా విన్నాను. విన్న ప్రతిసారీ నాకు ముద్ద దిగదు.

లెక్క చూడండి. 1932 ఏప్రిల్‌లో అధ్యక్ష ఎన్నిక, హిట్లర్ హిండెన్‌బర్గ్ చేతిలో ఓడిపోయాడు. జులైలో పార్లమెంటు ఎన్నికలు, ఆయన నాజీ పార్టీకి 37 శాతం ఓట్లు. నవంబరులో మళ్లీ ఎన్నికలొస్తే 33కి పడ్డారు. అలా దిగుతున్న పార్టీ నాయకుణ్ని 1933 జనవరి 30న పిలిచి మరీ ఛాన్సలర్‌ని, అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవిలో, చేశారు. చేసిందెవరు? ఆయన్ని ఓడించిన అధ్యక్షుడు హిండెన్‌బర్గే.

మరి గండి ఎక్కడ పడింది? ఈ ట్రే చూడండి.

ఇది ఊరి చెరువు కట్ట. పెద్ద వరదొచ్చి అలుగు చాలకపోతే ఏం చేస్తారు? కట్టంతా తెగి ఊరు మునిగే బదులు, ఓ పక్కన తామే గండి కొట్టి నీళ్లు వదిలేస్తారు. 1919 నాటి జర్మనీ రాజ్యాంగంలో 48వ అధికరణం అలాంటిదే. శాంతిభద్రతలకు ముప్పొస్తే అధ్యక్షుడు ముందుగా పార్లమెంటును అడక్కుండా అత్యవసర ఉత్తర్వులివ్వొచ్చు, కొన్ని పౌరహక్కులు ఆపొచ్చు. ఉత్తర్వు నచ్చకపోతే పార్లమెంటు దాన్ని కొట్టేయొచ్చు. కానీ ఇంకో అధికరణం కింద అధ్యక్షుడు పార్లమెంటునే రద్దు చేయొచ్చు! గడ్డపార ఇచ్చి, కాపలావాణ్ని ఇంటికి పంపే అధికారం కూడా అదే మనిషికిచ్చారన్నమాట.

మొదటి అధ్యక్షుడు ఎబర్ట్ ఆ గడ్డపార చాలాసార్లే పట్టాడు. తిరుగుబాట్లు, 1923 నవంబరులో డాలరుకు 4.2 లక్షల కోట్ల జర్మన్ మార్కులు. అది నిజంగా వరదే, ఆయన్ని నేను తప్పుపట్టను.

1930కొద్దాం. ఛాన్సలర్ బ్రూనింగ్‌కి సభలో మెజారిటీ లేదు, బడ్జెట్ పాస్ కాలేదు. దాన్నే ఉత్తర్వుగా తెచ్చారు. పార్లమెంటు కొట్టేసింది. పార్లమెంటును రద్దు చేసి, మళ్లీ ఉత్తర్వే తెచ్చారు.

[చెంచాతో కట్ట మీద చిన్న గాటు]

ఆ సెప్టెంబరు ఎన్నికల్లో 12 సీట్ల నాజీలు 107కి ఎగబాకారు. వాళ్ల భయంతో సోషల్ డెమొక్రాట్లు కూడా బ్రూనింగ్ ఉత్తర్వులకు అడ్డుపడకుండా ఊరుకున్నారు. 1932 మొత్తంలో పార్లమెంటు చేసిన చట్టాలెన్నో తెలుసా? 5. మిగతా పాలనంతా ఉత్తర్వులతోనే. వరద రోజు కోసం ఉన్న గండితో రోజూ మడి తడుపుకున్నారు! ఆర్థిక మాంద్యం కూడా వరదే కదా అంటారా? సగం ఒప్పుకుంటాను. కానీ గండి కొట్టినవాళ్లు దాన్ని పూడ్చాలి కదా.

హిట్లర్ వచ్చేసరికి గడ్డపార కట్ట మీదే ఉంది. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే 48వ అధికరణం కింద ఉత్తర్వు: వాక్ స్వాతంత్య్రం, పత్రికలు, సభలు, అన్నీ బంద్. కమ్యూనిస్టులను జైళ్లలో కుక్కి, వీధుల్లో నాజీ దళాలను దింపి మార్చి 5న ఎన్నికలు పెడితే నాజీలకొచ్చింది 43.9 శాతం. అప్పుడూ సగం రాలేదండీ!

[ట్రేలో గాటు దగ్గర నీళ్లు కారుతున్నాయి]

అరె, నేను ముట్టుకోకుండానే పెద్దదవుతోంది. టైమ్ కూడా అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మార్చి 23న పార్లమెంటు చట్టాలు చేసే తన అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి రాసిచ్చేసింది, 444కి 94 ఓట్లు. ఆ 94 మంది సోషల్ డెమొక్రాట్లే. జులై 14కల్లా నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండటమే నేరం. తర్వాత 1949లో పశ్చిమ జర్మనీ రాజ్యాంగం రాసుకున్నప్పుడు అధ్యక్షుడి చేతికి గడ్డపార ఇవ్వలేదు. ఛాన్సలర్‌ని అవిశ్వాసంతో దించాలంటే ముందు కొత్తవాళ్లను ఎన్నుకోవాలని పెట్టుకున్నారు.

మనకీ దీంతో చుట్టరికం ఉంది. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులు ఆపే ఏర్పాటు మనం తెచ్చుకున్నది ఆ పాత జర్మన్ రాజ్యాంగం నుంచే. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం అయిపోయింది, క్యాబినెట్ ముందుకొచ్చింది మర్నాడు పొద్దున. అందుకే 1978 నాటి 44వ సవరణలో, ఎమర్జెన్సీ పెట్టే కారణాల్లోంచి "అంతర్గత కల్లోలం" తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని రాశారు. క్యాబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలన్నారు. జీవించే హక్కు జోలికి పోకూడదన్నారు.

ఒక్క నిమిషం, ఇది చెప్పకుండా వెళ్లలేను. "జనం ఊరుకోరులే" అని ధీమాగా ఉంటారే, వాళ్లకి 1977 ఆంధ్రప్రదేశ్ ఫలితాలు చూపించండి. ఉత్తరాదిలో ఇందిర పార్టీ చిత్తుగా ఓడిపోతుంటే ఇక్కడ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి నంద్యాల. జనతా పార్టీ నుంచి గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాదే ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1979 ఏప్రిల్‌లో ఆ 44వ సవరణ మీద సంతకం పెట్టింది ఆయనే.