నేపుల్స్: పాంపేయి దారిలో నేను ఆగిపోయిన ఊరు

అందరికీ నమస్కారం. ఈ హారన్ల మోత మన ఊరిది కాదండోయ్, నేపుల్స్‌ది. ఇటలీ వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడ రైలు దిగి అటునుంచి అటే, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ నగరం పాంపేయి వెళ్లిపోతారు. నా ప్లానూ అదే, ఇక్కడ ఒక్క పూట. మూడు రోజులైంది, ఇంకా ఇక్కడే ఉన్నా.

గ్రీకులు ఈ ఊరికి పెట్టిన పేరు నియాపోలిస్. అంటే కొత్తూరు! దాదాపు 2,500 ఏళ్లయినా కొత్తూరే.

ముందుగా మోంటెసాంటోలో ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో లాగే కొండరైలు, ఎక్కి కొండమీద సాంటెల్మో కోటకి వెళ్లండి. కిందికి చూస్తే, పాత ఊరిని కత్తితో కోసినట్టు తిన్నగా ఒక వీధి. దాన్ని స్పక్కానాపోలి అంటారు, ఊరిని చీల్చేదని అర్థం. పైనుంచి ఒకసారి చూసుకుంటే, తర్వాత సందుల్లో దారి తప్పినా బెంగుండదు.

ఆ వీధికి దగ్గర్లోనే సాన్‌సెవెరో చాపెల్. 1753లో సాన్‌మార్టీనో అనే శిల్పి చెక్కిన క్రీస్తు విగ్రహం ఉంది. ఒళ్లంతా పల్చటి ముసుగు, అదీ పాలరాయే. ముసుగు కింద నుదుటి మీద నరం కూడా తెలుస్తుంది! మొదటిరోజు టికెట్ లేకుండా వెళ్లి గుమ్మం నుంచే వెనక్కొచ్చాను, తప్పు నాదే. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, అందుకే మీకు నా మాటలే గతి.

ఇక స్పానిష్ క్వార్టర్స్. 16వ శతాబ్దంలో స్పెయిన్ సైనికుల కోసం వేసిన పేట. వెనక స్కూటర్ వస్తే గోడకి అతుక్కుపోవడమే. అందరూ మారడోనా గోడబొమ్మ దగ్గర సెల్ఫీలు దిగుతారు, నేనూ దిగాననుకోండి. కానీ నన్ను కట్టిపడేసింది ఒక బుట్ట. నాలుగో అంతస్తు నుంచి ఒక పెద్దావిడ తాడు కట్టి దించింది. కొట్టతను అందులో డబ్బులు తీసుకుని, రొట్టె, రెండు నిమ్మకాయలు పెట్టి తాడు లాగాడు. బుట్ట పైకెళ్లిపోయింది. ఒక్క మాట లేదు!

శాకాహారులూ, మారినారా పిజ్జా అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజ్ ఉండదు. మధ్యలో జావజావగా ఉంటుంది. సరిగ్గా కాలలేదని వెనక్కి పంపకండి, ఇక్కడి తీరే అది.

రైల్వే స్టేషన్ పక్కన మాత్రం రూమ్ తీసుకోకండి, రాత్రంతా గోల. సందుల్లో చెత్త కూడా ఉంటుంది, దాచేదేం లేదు.

పాంపేయికా? రేపు పొద్దున్నే రైలు. ఈసారి టికెట్ ముందే కొన్నా.