కొట్టేసిన తీర్పు ఇంకా ఫోన్లలో తిరుగుతోంది: జీవోలు, తీర్పులు వెతికే నాలుగు సైట్ల రివ్యూ

నమస్కారమండి. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. 14 ఏళ్లుగా లాయరు గారి దగ్గర గుమస్తాగా ఉన్నాను. ఫైళ్లు కట్టడం, వాయిదాలు రాసుకోవడం, కావలసిన జీవోనో తీర్పునో వెతికి తీయడం నా పని. అందుకు నేను రోజూ తెరిచే నాలుగు ప్రభుత్వ సైట్లు ఈ వీడియోలో చూపిస్తాను. నాలుగూ ఉచితమే. అయితే ఏది బాగుంది అని చెప్పే ముందు, నేను ఏ లెక్కన చూస్తానో చెప్పాలి.

ఆమధ్య సరుబుజ్జిలి వైపు నుంచి ఒకావిడ వచ్చారు. వయసు అరవై దాటింది. తండ్రి 1998లో పోయారు. భూమి తమ్ముళ్లిద్దరూ పంచుకున్నారు. ఈవిడ వాటా అడిగితే చిన్న తమ్ముడు వాట్సాప్‌లో ఒక పేపర్ కటింగ్ పెట్టాడు. ఫోన్ నా చేతికిచ్చి, "ఇది నిజమేటి బాబూ?" అని అడిగారు. కటింగ్‌లో ఉన్నది ఇదీ: 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు, సుప్రీంకోర్టు తీర్పు.

అబద్ధమని చెప్పలేను. ఆ తీర్పు ఉంది. 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో ఇద్దరు జడ్జీల బెంచ్ సరిగ్గా అదే చెప్పింది. కానీ 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు అని తేల్చింది. తమ్ముడు పంపింది నకిలీ కటింగ్ కాదు, చెల్లని తీర్పు. ఆవిడ దాన్ని నమ్మి రెండేళ్లు నోరెత్తలేదు. నాకు బాధనిపించింది అక్కడే. అందుకే ఏ సైటు తెరిచినా నేను మొదట చూసేది ఒకటే: నేను చదువుతున్నది ఇంకా నిలబడి ఉందో లేదో ఇది చెబుతుందా?

మొదటిది ఇండియా కోడ్. కేంద్ర చట్టాలకు నా ఓటు దీనికే. స్క్రీన్ మీద చూడండి, హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 6. కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్ ఉంది కదా? 2005 నాటి 39వ చట్టంతో పాత సెక్షన్ తీసేసి ఇది పెట్టారు, 9-9-2005 నుంచి అమలు అని. చాలామంది వదిలేసేది ఈ గీత కింది భాగాన్నే. నేను మొదట చదివేది అదే. పనిలో పని, ఇంకో సంగతి. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే, 1986 సవరణతో, ఆడపిల్లలకు ఈ హక్కు ఇచ్చారు. కాకపోతే 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయినవారికి వర్తించలేదు. "నీ పెళ్లి అప్పుడే అయిపోయింది, నీకేం రాదు" అన్న మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపించడానికి కారణం అదే. 2005 తర్వాత ఆ తేడా లేదు.

రెండోది ఈ-ఎస్‌సీఆర్, సుప్రీంకోర్టు తీర్పుల సైటు. 2023 జనవరిలో మొదలైంది. కొన్ని తీర్పులు తెలుగులోనూ దొరుకుతాయి, కానీ లెక్కలోకి వచ్చేది ఇంగ్లీషు ప్రతే. ఇక్కడొక చిక్కుంది. మీరు 2015 నాటి తీర్పు తెరిస్తే, దాన్ని తర్వాత కొట్టేశారని ఆ తీర్పు పేజీల్లో ఉండదు. ఎలా ఉంటుంది? అప్పటికి ఆ సంగతే జరగలేదు. అందుకని నేను పాత కేసు పేరునే సెర్చ్‌లో కొట్టి, దాని తర్వాత వచ్చిన తీర్పుల్లో ఆ పేరు ఎక్కడ కనబడుతుందో చూస్తాను. వినీతా శర్మ తీర్పు అలాగే తగులుతుంది. తగిలాక హెడ్‌లైన్ దగ్గర ఆగకండి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పారీఖత్తుతోనో, అంటే పంపకాల పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే అది కదలదు. పెద్దమనుషుల మధ్య నోటిమాటగా పంచుకున్నామంటే మాత్రం కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. మా దగ్గరికి వచ్చినావిడ తమ్ముళ్ల దగ్గర రిజిస్టరైన కాగితం లేదు.

మూడోది జీవోల సైటు, జీవోఐఆర్. 2021 ఆగస్టులో ఇందులో జీవోలు పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. మధ్య మూడేళ్లవి కావాలంటే ఈ-గెజిట్ సైటు కూడా వెతకాలి. నంబరు ముందు ఎంఎస్ అని ఉంటే విధానానికి సంబంధించినది, ఆర్‌టీ అని ఉంటే రోజువారీ వ్యవహారం. ఒరిజినల్ జీవో పట్టుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు. కానీ అది ఇంకా బతికి ఉందా అంటే ఈ సైటు చెప్పదు. 2000 నాటి జీవో ఎంఎస్ నంబర్ 3 తీసుకోండి. ఏజెన్సీలో టీచరు పోస్టులు నూరు శాతం గిరిజనులకే అన్న జీవో అది. సీతంపేట, పార్వతీపురం వైపు దాని మీద ఆశ పెట్టుకుని బీఈడీ చదివినవాళ్లు ఎందరో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. జీవో కాగితం చూస్తే ఆ సంగతి తెలియదు. జీవో నంబరు పట్టుకుని తీర్పుల సైటుకు వెళ్లాల్సిందే.

చట్టాలదీ అదే కథ. భూహక్కు చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్, 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది, 2024లో రద్దయింది. దాని మీద భయపెట్టే వీడియో నాకు మొన్న సంక్రాంతికి కూడా వచ్చింది. పంపినాయన రైతు. పాపం, నిజంగా టెన్షన్ పడుతున్నాడు.

నాలుగోది ఈ-కోర్ట్స్ యాప్. ఇది మీ సొంత కేసు కోసం. కేసు నంబరు పడిన రోజే లాయరు గారిని అడిగి 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు, అంటే ఆ ఒక్క కేసుకే ఉండే గుర్తింపు నంబరు, రాసుకోండి. అది కొట్టి ఒకసారి సేవ్ చేసుకుంటే, తర్వాతి వాయిదా ఎప్పుడో, కిందటి వాయిదాలో ఏం జరిగిందో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. నాలుగింట్లో మామూలు మనిషికి ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

ఆవిడ దావా వేశారు. మనవడి ఫోన్‌లో నేనే సీఎన్ఆర్ ఎక్కించి పెట్టాను. వాయిదా ఎప్పుడని అడగడానికి ఇదివరకు బస్సెక్కి వచ్చేవారు. ఇప్పుడు ఆవిడే నాకు ఫోన్ చేస్తున్నారు: "బాబూ, ఇరవై మూడుకి పడింది. చూసినావా?"